పొయ్యి వెలిగించని విందు

కాలేజీలో పార్టీ అనుకోగానే కమిటీ ముందుకు మూడు ప్రశ్నలు వస్తాయి. తినడానికి ఏం పెడదాం? ఎంతవుతుంది? ఎవరు చేస్తారు? మొదటి ప్రశ్నకు నలభై జవాబులు. రెండో ప్రశ్నకు నిట్టూర్పులు. మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి సగం మందికి ఉన్నట్టుండి ల్యాబ్ రికార్డు గుర్తొస్తుంది, మిగతా సగం మందికి ఊరి బస్సు వేళవుతుంది. చివరికి ఎవరో ఒకరు బేకరీకి ఫోన్ చేస్తారు. కేకు వస్తుంది. గుడ్డు తినని వాళ్ళు దాన్ని చూసి నవ్వి ఊరుకుంటారు. ఆ రోజు ఉపవాసమున్న అమ్మాయి మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఓ మూల కూర్చుంటుంది. అందరం కలిసి ఫోటో దిగుతాం గానీ, అందరం కలిసి తిన్నామని మాత్రం చెప్పలేం.

ఈ వ్యాసం ఆ మూడో ప్రశ్న కోసం రాస్తున్నాను. నేను బాలానగర్‌లో గది అద్దెకు తీసుకుని చదువుకుంటున్నాను. మా ఇంటి ఓనరు గదిలో స్టవ్ పెట్టనివ్వరు. హాస్టల్లో ఉన్న మిత్రుల సంగతీ అంతే. నిప్పు భయం వాళ్ళది, ఆకలి భయం మాది! ఈ రెండు భయాల మధ్య రాజీ కుదిర్చే వంటకం ఒకటుంది. అసలు దాన్ని వంటకం అనకూడదేమో, ఎందుకంటే అందులో వండేదేమీ లేదు. పళ్ళు ముక్కలు కోసి, చిక్కగా తియ్యగా ఉండే ఒక పెరుగు మిశ్రమంలో ముంచుకు తినడం, అంతే. అమెరికాలో దీన్ని ఫ్రూట్ డిప్ అంటారు. వాళ్ళు క్రీమ్ చీజ్, మార్ష్‌మాలో క్రీమ్ అనే గుడ్డు తెల్లసొన కలిసిన తీపి నురగ కలిపి దాన్ని చేస్తారు. మనకు ఆ రెండూ అక్కర్లేదు. మన పెరుగు, మన సీతాఫలం చాలు.

ఇది పరాయి సరుకేనా?

"డిప్ ఏమిటండీ, మనకెందుకు ఆ పరాయి వేషాలు?" అని పెద్దలెవరైనా అడగవచ్చు. వారికి ఒక్క మనవి. శ్రీరామనవమి పందిట్లో మనకు పెట్టేదేమిటి? వడపప్పు, పానకం. నానబెట్టిన పెసరపప్పు, బెల్లం నీళ్ళల్లో మిరియాలు, యాలకులు. పొయ్యి ఊసే లేదు. తడిపిండిలో బెల్లం కలిపి ముద్ద చేసే పచ్చి చలిమిడికీ నిప్పు అక్కర్లేదు. ఇక పంచామృతం సంగతి చెప్పేదేముంది? పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార. వందల మందికి ఒకేసారి, వేడి తగలకుండా పంచిపెట్టే పద్ధతి మన పందిళ్ళకు బాగా అలవాటైనదే.

ముంచుకు తినడమూ కొత్త కాదు. కోస్తా వాళ్ళు 'నంజుకోవడం' అంటారు, తెలంగాణ వాళ్ళు 'అంచుకు పెట్టుకోవడం' అంటారు. ఇడ్లీని చట్నీలో అద్దకుండా తిన్న తెలుగువాడు ఉన్నాడా? అదే పని పండుతో చేస్తున్నాం. ఇక చిక్కటి పెరుగులో పంచదార కలపడమంటే, అది శ్రీఖండ్‌కు దగ్గరి చుట్టం. సంస్కృతంలో శిఖరిణి అన్నా ఇలాంటి తీపి పెరుగే. శ్రీఖండ్ మహారాష్ట్ర, గుజరాత్‌ల వంటకమే అయినా, 1956 నవంబరు 1 దాకా మరాఠ్వాడా హైదరాబాద్ రాష్ట్రంలో భాగంగానే ఉండేది. అందువల్ల ఈ నగరానికి ఆ రుచి పొరుగింటి రుచి కాదు, పాత ఉమ్మడి కుటుంబపు రుచి.

రెండు బాలానగర్లు

మా బాలానగర్ అంటే లేత్ మిషన్ల చప్పుడు. ఒకప్పుడు దేశానికి మందులు చేసిపెట్టిన ఐ.డి.పి.ఎల్. ఇక్కడిదే. 1968లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఇక్కడే ఉంది. విమానాలకు ఎలక్ట్రానిక్ పరికరాలు చేసే హెచ్.ఎ.ఎల్. విభాగం, ఉపగ్రహ చిత్రాలను పరిశీలించే నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ కూడా ఇక్కడివే. 2021లో ఫ్లైఓవర్ వచ్చాక నర్సాపూర్ చౌరస్తాలో నిలబడి ఆలోచించుకునే తీరిక కూడా తగ్గింది. ఇంత ఇనుము మధ్య పండు పేరెక్కడిది అనుకుంటున్నారా?

ఉద్యానశాస్త్రం చదివే వాళ్ళను అడగండి. 'బాలానగర్' అంటే వారికి ఒక సీతాఫలం రకం. దేశంలో పేరున్న సీతాఫలం రకాల్లో అది ముఖ్యమైనది. అయితే ఆ పేరు మా బాలానగర్‌ది కాదు. బెంగుళూరు జాతీయ రహదారి మీద షాద్‌నగర్ దాటాక, జడ్చర్లకు ముందు వచ్చే మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్‌ది. పాలమూరు గుట్టల మీద, రాళ్ళ నేలల్లో, ఎవరూ నీళ్ళు పోయకుండా పెరిగే చెట్టు అది. పేరొక్కటే గనుక ఆ కీర్తిలో కొంత మాకూ దక్కుతుందని మేము సంతోషిస్తుంటాం. లేత్ మిషన్ల బాలానగర్‌కు సీతాఫలాల బాలానగర్ పెద్దక్క అనుకోండి.

సీతాఫలం అసలు పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. శాస్త్రీయ నామం అనోనా స్క్వామోసా. పుట్టిల్లు ఎక్కడైనా మన వాళ్ళు దానికి సీతమ్మ పేరు పెట్టుకున్నారు. దాని బంధువుకు రామాఫలమని పేరు పెట్టారు, మరో బంధువు లక్ష్మణఫలం. కుటుంబాన్నంతా ఇంట్లో కలిపేసుకున్న తరువాత ఇంకా పరాయిదేమిటి?

వానలు వెనకబట్టే వేళ, సుమారు సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, పాలమూరు నుంచీ మెదక్ వైపు నుంచీ గంపల కొద్దీ సీతాఫలాలు నగరానికి వస్తాయి. చాలావరకు తెచ్చేదీ అమ్మేదీ ఆడవాళ్ళే. గుట్టలెక్కి కోసి, గంపల్లో గడ్డి పరిచి, తెల్లవారుజామున బండెక్కి వస్తారు. ఈ పండుకు ఒక శాపముంది. గట్టిగా ఉన్నప్పుడు కోసిన కాయ రెండు మూడు రోజుల్లో పండుతుంది. పండిన తరువాత ఒక్కరోజు కూడా ఓపిక పట్టదు. మా చౌరస్తాలో గంప ముందు కూర్చున్న ఒక అవ్వ నాతో అన్నమాట ఇది: "బిడ్డా, గట్టియి కొంటవా, మెత్తయి కొంటవా? గట్టియి రేపటికి. మెత్తయి ఇయ్యాలనే తినాలె. పొద్దుగూకితె ఇవి ఎవ్వరు కొనరు."

ఎవ్వరూ కొనని ఆ మెత్తటి పండే మనకు కావలసింది. పగిలిన తొక్క, చేతికి అంటుకునే గుజ్జు, అదే డిప్‌కు ముడిసరుకు. సాయంత్రానికి విలువ పోయే సరుకును సాయంత్రమే కొనేవాడు దొరికితే అమ్మే అవ్వకు మేలు, మన కమిటీకీ మేలు. ఇక్కడ మాత్రం బేరమాడకండి. ఆమె చెప్పిన ధర ఇచ్చినా మనకు కేకు కన్నా చవకే.

ఈ పండును ఎందుకు వండకూడదు?

పాయసంలో వేద్దామనో, హల్వా చేద్దామనో సీతాఫలం గుజ్జును పొయ్యి మీద పెట్టిన వాళ్ళకు తెలుసు. కాచితే ఆ గుజ్జు చేదెక్కుతుంది, వాసన మారుతుంది. అందుకే సీతాఫలం బాసుంది చేసేవాళ్ళు పాలు మరిగించి, దించి, పూర్తిగా చల్లారిన తరువాతే గుజ్జు కలుపుతారు. మొజంజాహీ మార్కెట్ దగ్గర సీతాఫలం ఐస్‌క్రీమ్ తిన్నవాళ్ళకు చల్లదనంలో ఆ పండు రుచి ఎలా విచ్చుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. 1935లో కట్టిన ఆ మార్కెట్టు చాలాకాలం నగరానికి పళ్ళ మార్కెట్టుగా ఉండేది. టోకు వ్యాపారం తరువాత గడ్డిఅన్నారానికి, అక్కడి నుంచి బాటసింగారానికి మారిపోయింది. ఐస్‌క్రీమ్ మాత్రం పాత చోటే నిలబడింది.

కనుక మిత్రులారా, స్టవ్ లేకపోవడం సీతాఫలం విషయంలో లోటు కాదు, అర్హత!

చక్కా కట్టడం

డిప్‌కు ఆధారం గట్టి పెరుగు. నీరు వడకట్టిన పెరుగును మరాఠీవాళ్ళు చక్కా అంటారు. ఆ మాట పొట్టిగా బాగుంది గనుక ఇక్కడా అదే వాడుతున్నాను.

పెరుగు ఎలా తోడుకుంటుందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. తోడులోని బ్యాక్టీరియా పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని తయారు చేస్తుంది. ఆమ్లం పెరిగి పి.హెచ్. 4.6 దగ్గరికి వచ్చేసరికి కేసిన్ అనే ప్రోటీన్ కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి. ఆ వల సందుల్లో నీరు చిక్కుకుంటుంది. పెరుగును బట్టలో మూటగట్టి వేలాడదీస్తే ఆ నీరు కారిపోతుంది, వల మిగులుతుంది. నీటితోపాటు పులుపు కొంత, లాక్టోజ్ కొంత వెళ్ళిపోతాయి. పాలు సరిపడని వాళ్ళలో కొందరికి చక్కా సరిపడటానికి ఇదొక కారణం. అందరికీ సరిపడుతుందని మాత్రం కాదు, ఎవరి ఒంటి సంగతి వారికి తెలియాలి.

పద్ధతి ఇది. కొత్త మల్లుగుడ్డ ఒక మీటరు కొనండి. సబ్బుతో ఉతికి, సబ్బు వాసన పోయేదాకా జాడించి, ఎండలో పెళపెళలాడేలా ఆరనివ్వండి. చిల్లుల గిన్నెలో ఆ బట్ట పరిచి, పెరుగు పోసి, కొసలు ముడివేసి, కింద ఇంకో గిన్నె పెట్టి, మొత్తాన్నీ ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి. రాత్రి 10 గంటలకు పెడితే పొద్దున 6 గంటలకు సిద్ధం. కిలో పెరుగుకు నాలుగు వందల గ్రాముల పైచిలుకు చక్కా దిగుతుంది. పెరుగు పల్చనిదైతే అది కూడా రాదు. బయట కొక్కేనికి వేలాడదీయడం మన ఇళ్ళల్లో అలవాటే గానీ, హైదరాబాద్ ఎండల్లో అలా రాత్రంతా వదిలితే పొద్దుటికి పులిసి కూర్చుంటుంది. ఫ్రిజ్ లేని వాళ్ళు థర్మాకోల్ పెట్టెలో ఐసు పోసి, దాని మీద గిన్నె పెట్టి మూత వేయండి.

కింద దిగిన నీటిని పారబోయకండి. ఉప్పు, జీలకర్ర పొడి వేసుకుని పల్చటి మజ్జిగలా తాగెయ్యొచ్చు. అందులోనూ ప్రోటీన్ ఉంది, ఖనిజాలున్నాయి.

గుజ్జు, గింజ

సీతాఫలం రుచికి సగం శత్రువు గింజ. చాలామంది ఇక్కడే మిక్సీ వైపు చూస్తారు. దయచేసి చూడకండి. సీతాఫలం గింజలో విషపదార్థాలున్నాయి. పల్లెల్లో ఆ గింజల పొడిని పేలు చంపడానికి వాడటం తెలిసిందే. ఆ పొడి కంట్లో పడితే కన్నుకే ప్రమాదం. పొరపాటున ఒక గింజ నలగకుండా మింగితే అది అలాగే బయటికి పోతుంది గానీ, గింజ నలిగి గుజ్జులో కలవకూడదు. కనుక ఈ పని చేత్తోనే కావాలి.

పండును రెండు చెక్కలు చేసి, చెంచాతో గుజ్జు గీరి, స్టీలు చిల్లుల గిన్నెలో వేయండి. తొక్కకు అంటుకుని ఉండే ఇసుకలాంటి పొర దాకా గీరకండి, అది పంటికింద గరగరలాడుతుంది. ఇప్పుడు చెక్క గరిటెతో మెల్లగా తిప్పుతూ ఉంటే గుజ్జు కిందికి దిగుతుంది, గింజలు పైన మిగులుతాయి. కోపంగా తిప్పకూడదు. నలుగురు కూర్చుంటే కబుర్లలో అయిపోయే పని ఇది. పండు బరువులో సగం కన్నా తక్కువే గుజ్జు వస్తుందని లెక్క వేసుకోండి. అరకిలో గుజ్జు కావాలంటే కిలోన్నర పళ్ళు తెచ్చుకోవడం క్షేమం.

గుజ్జు గాలి తగిలి నల్లబడకుండా తీసింది తీసినట్టు చక్కాలో కలిపెయ్యండి. పెరుగు పులుపు ఆ నల్లబడటాన్ని కొంత ఆపుతుంది.

ఇరవై మందికి లెక్క

పెరుగు 2 కిలోలు (చక్కా సుమారు 850 గ్రాములు). సీతాఫలం గుజ్జు 500 గ్రాములు. పంచదార పొడి 100 గ్రాములు మొదలుకొని రుచికి తగినంత. యాలకులు 6, పొడి చేసి. ఉప్పు చిటికెడు. అంతే సరుకులు. మొత్తం కిలోన్నరకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. అంటే తలకు 70 గ్రాముల పైనే. ముంచుకోవడానికి తలకు 150 గ్రాముల చొప్పున పళ్ళ ముక్కలు, వెరసి 3 కిలోలు.

చక్కాను ముందు ఒంటరిగా గరిటెతో బాగా గిలక్కొట్టాలి. గడ్డలు పోయి వెన్నలా నునుపు తేలేదాకా చెయ్యి ఆపకూడదు. తరువాత పంచదార పొడి. మామూలు పంచదార ఎందుకు కాదంటే, చల్లటి గట్టి పెరుగులో పలుకులు త్వరగా కరగవు, పంటికి తగులుతాయి. ఆ తరువాత గుజ్జు, యాలకుల పొడి, ఉప్పు. ఉప్పా? అని ముఖం చిట్లించకండి. చిటికెడు ఉప్పు తీపిని నిలబెడుతుంది. పానకంలో చిటికెడు ఉప్పు వేసే ఇళ్ళు మీకూ తెలిసే ఉంటాయి.

తీపి సరిచూడటం మాత్రం గంటసేపు చల్లబడ్డాకే. చల్లటి పదార్థం నాలుకకు తక్కువ తియ్యగా అనిపిస్తుంది. గది వేడిలో సరిపోయిందనుకున్న తీపి ఫ్రిజ్‌లోంచి తీశాక చప్పబడుతుంది. అలాగని ముందే ఎక్కువ వేసి పెట్టకండి. పంచదార నీటిని లాగే గుణం గలది. ఎక్కువ తీపి, ఎక్కువ సేపు నిలవ అంటే డిప్ జారుడు. చక్కెర జబ్బున్న అధ్యాపకులు వస్తున్నారని తెలిస్తే పంచదార కలపకముందే ఓ చిన్న గిన్నెడు చక్కా పక్కకు తీసి, జామ ముక్కలతో విడిగా పెట్టండి. సీతాఫలమే తియ్యటి పండు గనుక అది కలపడం, కలపకపోవడం వారినే అడిగి చేయండి.

ముక్కలు కోసే శాస్త్రం

ఏ పండైనా ముంచుకోవచ్చు గానీ, ప్రతి పండుకూ ఒక మర్యాద ఉంది.

ఆపిల్, అరటి కోసిన కాసేపటికి గోధుమ రంగుకు తిరుగుతాయి. కోత పెట్టగానే కణాలు తెగి, వాటిలోని పాలీఫీనాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చేసే పని అది. లీటరు నీళ్ళలో ఒక నిమ్మకాయ పిండి ఆపిల్ ముక్కలను రెండు నిమిషాలు ముంచి తీస్తే, ఆమ్లం వల్ల ఎంజైము మందగిస్తుంది. అరటిపండును మాత్రం నీళ్ళలో వేయకుండా వడ్డించే ముందు కోయడమే మేలు.

జామ ఈ పనికి పుట్టిన పండు. దోరజామ గట్టిగా ఉంటుంది, ముంచితే విరగదు, త్వరగా రంగు మారదు, పైగా చవక. బత్తాయి తొనలు పొర తీసి పెట్టండి. పుచ్చకాయ నీటిపండు కనుక డిప్ దాన్ని అంటిపెట్టుకోదు. పెట్టాలనిపిస్తే ముక్కలను శుభ్రమైన పొడిబట్ట మీద పరిచి తడి ఆర్చండి.

అనాసపండు సంగతి వేరు. దానిలో బ్రోమెలైన్ అనే ఎంజైము ఉంది. అది ప్రోటీన్‌ను ముక్కలు చేస్తుంది. పచ్చి అనాస ముక్కలను పెరుగులో కలిపి ఉంచితే గంటా రెండు గంటల్లో అది నీరుకారి చేదెక్కడం అందువల్లే. కివీపండులోనూ ఇలాంటిదే మరో ఎంజైము ఉంది. ముంచుకుని వెంటనే తినడానికి అభ్యంతరం లేదు, ఎంజైముకు పని చేసే వ్యవధి ఉండదు. డిప్‌లో కలిపి నిలవ పెట్టడమే కూడదు. డబ్బాలో వచ్చే అనాస ముక్కలను ముందే వేడి చేసి ఉంటారు కనుక వాటికి ఈ పేచీ లేదు.

సీతాఫలం లేని నెలల్లో

ఫ్రెషర్స్ పార్టీ సీతాఫలం రోజుల్లో వస్తే అదృష్టం. ఫేర్‌వెల్ మాత్రం ఎండాకాలంలోనే కదా. అప్పుడు మామిడి ఉంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి, అదే మన నగరంలో బేనిషాన్, పీచు లేని పండు కనుక గుజ్జు నునుపుగా వస్తుంది. అదే కొలత, పంచదార సగానికి తగ్గించండి.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ద్రాక్ష. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల తోటలు అనాబ్-ఎ-షాహి ద్రాక్షకు దేశమంతటా పేరు మోశాయి. నగరం పెరిగిన కొద్దీ ఆ తోటలు కాలనీలైపోయాయి. ఆ పాత రకాలు చూడాలనుకునేవారు రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రానికి వెళ్ళాలి. ద్రాక్షను డిప్‌లో కలపకుండా, పుల్లకు గుచ్చి ముంచుకోవడానికే పెట్టండి.

ఏ పండూ సరిగ్గా దొరకని వానాకాలపు మొదట్లో బాగా పండిన అరటిపండు చిదిమి, మెత్తగా తురిమిన బెల్లంతో చక్కాలో కలిపినా సరే, చిన్నప్పటి పెరుగన్నం తరువాతి అరటిపండు గుర్తొస్తుంది. వేరుశనగ పొడి కలిపితే ఇంకా బాగుంటుంది గానీ, పల్లీలు పడని వాళ్ళు ఉంటారు. వాళ్ళు వచ్చే పార్టీ అయితే మానెయ్యండి. పల్లీ పడకపోవడం కొందరికి దురదతో పోదు, ప్రాణం మీదికి వస్తుంది.

నిప్పు లేని చోట

ఇప్పుడు అసలు మాట. వంట అంటే రుచి ఒక్కటే కాదు, కాపలా కూడా. చేతులు సరిగ్గా కడగకపోయినా, కూరగాయ మీద మట్టి ఉన్నా, మరిగే నూనె, పొంగే నీరు చాలా తప్పులను కాల్చేస్తాయి. పొయ్యి వెలిగించని వంటకానికి ఆ రెండో అవకాశం లేదు. చేతి మీద ఉన్నది నేరుగా స్నేహితుడి కడుపులోకి వెళుతుంది. పరీక్షల ముందు ఇరవై మంది కడుపు పట్టుకుని పడుకుంటే ఆ పాపం డిప్‌ది కాదు, చేసినవాళ్ళది.

అందుకని నాలుగు నియమాలు. ఒకటి, చేతులు సబ్బుతో కడిగాకే పని. విరేచనాలో, జ్వరమో ఉన్నవాళ్ళు ఆ రోజు పాటలు పాడాలి గానీ పళ్ళు కోయకూడదు. రెండు, తొక్క తీసే పండునైనా ముందు కుళాయి కింద కడగాలి. కత్తి తొక్క మీది మురికిని లోపలికి మోసుకుపోతుంది. మూడు, కాచిన పాలతోనో పాశ్చరైజ్ చేసిన పాలతోనో తోడుకున్న పెరుగే వాడాలి. నాలుగు, గడియారం. సూక్ష్మజీవులు 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య చురుగ్గా పెరుగుతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన డిప్, కోసిన పళ్ళు బయట రెండు గంటల కన్నా ఎక్కువ ఉండకూడదు. 32 డిగ్రీలు దాటిన ఎండరోజున ఒక్క గంటే. ఫేర్‌వెల్‌లో ఉపన్యాసాలు ఎంతసేపు సాగుతాయో మనకు తెలుసు కదా! కనుక ఉపన్యాసాలయ్యాకే గిన్నె బయటికి రావాలి. వెడల్పాటి బేసిన్‌లో ఐసు పోసి అందులో గిన్నె పెడితే ఇంకా మంచిది. ఆ ఐసు గిన్నె చుట్టూ ఉండాలి, గిన్నెలోకి పోకూడదు.

ఎంగిలి ఒక చిక్కు

ఇరవై మంది, ఒకే గిన్నె. కొరికిన ముక్కను మళ్ళీ ముంచితే? మనకు ఒక్క మాటే ఉంది: ఎంగిలి. శాస్త్రం చదివినా చదవకపోయినా ఈ మాట తెలిసినవాడికి ఆరోగ్యసూత్రం తెలిసినట్టే.

దీనికి మార్గం మన అడవుల్లోనే ఉంది. మోదుగాకు దొన్నెలు. గుళ్ళో ప్రసాదం పంచే ఆ చిన్న దొన్నెలో ఒక్కొక్కరికీ రెండు గరిటెల డిప్ వేసి ఇస్తే ఎవరి దొన్నె వారిది, ఎవరి ఎంగిలి వారిది. గిన్నెలో గరిటె ఒక్కటే ఉంటుంది, అది పట్టుకునేవాళ్ళు ఒక్కరే ఉంటారు. తిన్నాక కడగాల్సిన పళ్ళాలు లేవు, ప్లాస్టిక్ చెత్త లేదు. దొన్నె కుట్టిన చేతులకూ నాలుగు రూపాయలు చేరతాయి.

చివరిగా ఒక మాట

దీనికి ఇంత పెద్ద వ్యాసం అవసరమా అని మీకు అనిపించవచ్చు. నా ఉద్దేశం ఇది. మన తరగతిలో శ్రీకాకుళం వాళ్ళున్నారు, ఆదిలాబాద్ వాళ్ళున్నారు. మాంసం లేనిదే ముద్ద దిగని వాళ్ళున్నారు, ఉల్లి కూడా ముట్టని వాళ్ళున్నారు. శుక్రవారం ఉపవాసముండే వాళ్ళూ, రంజాన్ మాసంలో పొద్దుగూకేదాకా ఎదురుచూసి పండుతోనే ఉపవాసం విడిచే వాళ్ళూ ఉన్నారు. నాలుగేళ్ళు పక్కపక్క బెంచీల మీద కూర్చుని, ఒక్కసారైనా అందరం ఒకే తిండి తినకుండా విడిపోతే ఆ చదువులో ఏదో వెలితి ఉన్నట్టే. పండుకు, పెరుగుకు అడ్డు చెప్పే ఇల్లు మన వైపు అరుదు. పాలు పడని వారికి పళ్ళైనా ఉంటాయి, ఎవరూ ఖాళీ చేతులతో కూర్చోరు.

ఇక 'వంట రాదు' అనే మగపిల్లలకు ప్రత్యేకంగా ఒక విన్నపం. పార్టీ వంటలు ఆడపిల్లల పద్దులో రాసేసే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. ఇందులో రాకపోవడానికేమీ లేదు. బట్టలో పెరుగు కట్టడం, చెంచాతో గుజ్జు గీరడం, గరిటె తిప్పడం. బాలానగర్ వర్క్‌షాపుల్లో మైక్రాన్ల లెక్కన ఇనుము చెక్కడం నేర్చుకునే చేతులకు సీతాఫలం గింజ తీయడం రాదంటే ఎవరూ నమ్మరు.

ఈసారి దసరా సెలవులయ్యాక పార్టీ పెట్టుకుంటే, ముందురోజు రాత్రి పెరుగు మూట కట్టండి. సాయంత్రం చౌరస్తాలో గంప దించుకుని కూర్చున్న అవ్వ దగ్గర మెత్తటి పళ్ళు కొనండి. గరిటె పట్టుకునే వాళ్ళ పేర్లు కమిటీ జాబితాలో ముందే రాసి పెట్టండి. ల్యాబ్ రికార్డు గుర్తొచ్చేలోపే!